నేను రాయని పదకొండు పేజీలు

నేను ఒక్కసారి కూడా తెరవని డైరీలో, నా పేరు మీద, ఎవరో అప్పటికే పదకొండు పేజీలు రాసేశారు.

వానలు మొదలైన మూడో వారం అది. మొదటి షిఫ్టు దిగి, రెండున్నరకు ఇల్లు చేరి, తడిసిన గొడుగు గుమ్మం పక్కన ఆనించి, మంచం మీద కూర్చుని కంపెనీ ఇచ్చిన టాబ్లెట్ తెరిచాను. ఇష్టపడి కాదు. మూడు వారాలుగా ఒక్క పాఠం కూడా ముట్టుకోలేదు. నేడో రేపో నా పేరు కొట్టేస్తారు, ఆలోపు ఏదో ఒకటి కెలికి పెడదామని తెరిచాను. తెర మీద ఆకుపచ్చ అక్షరాలు వెలిగాయి: "అభినందనలు. మూడు పాఠాలూ సమయానికి పూర్తి చేశారు."

దాని కింద ఉత్తరం. "మీ డైరీ మొత్తం చదివాను. 'ఈ మోత పొద్దున్నే నాకంటే ముందు లేస్తుంది' అన్నారు చూడండి, ఆ మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. దాని గురించి వచ్చే గురువారం మరి కొంచెం రాస్తారా?"

ఆ మాట నేననలేదు. ఒళ్ళు జల్లుమంది.

ఎందుకు జల్లుమందో చెప్పాలంటే నా పని గురించి చెప్పాలి. ఇనుప చక్రాలు పోతపోసే కార్ఖానాలో నాది సుత్తి బల్ల. పోత చల్లారిన చక్రాన్ని కొక్కేనికి తగిలిస్తారు. చిన్న ఇత్తడి సుత్తితో ఒక్క దెబ్బ వేస్తాను. మంచి చక్రమైతే ఖంగుమని మోగి, ఆ మోత సాగుతూ పోతుంది. లోపల ఎక్కడైనా వెంట్రుక మందం పగులున్నా సరే, టక్కుమని తెగిపోతుంది. పద్నాలుగేళ్ళుగా ఆ తేడా వినడమే నా ఉద్యోగం.

ఏడాది నుంచి నా చెవుల్లో ఇంకో మోత చేరింది. ఎవరూ మోగించని మోత. కుక్కర్ విజిల్ వెయ్యబోయే ముందు సన్నగా కూస్తుందే, అచ్చం అలాంటిది. విజిల్ రాదు, కూత ఆగదు. ఎండాకాలం చివర ఒక పగిలిన చక్రం నా బల్ల దాటిపోయింది. బండికి బిగించక ముందే దొరికింది కాబట్టి సరిపోయింది. ఆ రోజు నుంచి ఒక్కో చక్రాన్ని నాలుగేసి సార్లు కొట్టడం మొదలుపెట్టాను. నా వెనకాల చక్రాలు బారు తీరేవి. మేస్త్రీ గడియారం చూసేవాడు.

చెవి డాక్టరు పరీక్షలన్నీ చేసి, "మోతకు మందు లేదు. దాంతో పడే బాధకు ఉంది" అన్నాడు. ఆ మందే ఈ టాబ్లెట్. ఎనిమిది వారాలు, ఎనిమిది పాఠాలు. డైరీ రాస్తే ఎక్కడో ఉన్న మానసిక వైద్యురాలు ప్రతి గురువారం జవాబిస్తుంది. వెల్ఫేర్ ఆఫీసరు చెవి మోత ఉన్న మమ్మల్నందరినీ కూర్చోబెట్టి చెప్పాడు: "ఎనిమిదీ పూర్తి చేసి, చివర్లో చక్రాల పరీక్ష నెగ్గినవాళ్ళ సీటు వాళ్ళకే. ఇంకొకరితో చేయిస్తే మాత్రం ప్యాకింగే." ఉత్తి బెదిరింపు కాదది. గ్రైండింగులో పొడుగాయన బావమరిది చేత పాఠాలు చేయించి రెండో వారంలోనే దొరికిపోయాడు. ఇప్పుడు పెట్టెలకు మేకులు కొడుతున్నాడు.

"నేనేమన్నా పిచ్చిదాన్నా, మనసు డాక్టరుకు ఉత్తరాలు రాయడానికి?" అని టాబ్లెట్ను అలమరలో పడేసింది నేనే. ఇప్పుడు ఎవరో నా తరఫున నిజాయితీగా రాసిపెట్టారు. దొరికితే నా సుత్తి పోతుంది.

పేజీలు చదివాను.

"ఇంట్లో వాళ్ళు నవ్వితే నేనూ నవ్వుతాను. ఎందుకు నవ్వారో తెలియదు. అడిగితే మళ్ళీ చెప్తారు. మళ్ళీ చెప్పిన మాటకు నవ్వు రాదు." "ఎవరింటికైనా వెళ్తే గోడ పక్కన కూర్చుంటాను. అప్పుడు ఒకవైపు నుంచే మాటలు వస్తాయి." "చెప్తే జాలి పడతారు. లేకపోతే ముసిముసిగా నవ్వుకుంటారు. రెండూ వద్దు."

మళ్ళీ మొదటి నుంచి చదివాను. బయట రేకుల మీద వాన హోరెత్తుతోంది. వాన పడుతున్నంతసేపూ నాకు హాయి, లోపలి కూత దాంట్లో కలిసిపోతుంది. కానీ ఆ వేళ వాన సంగతి కూడా మరిచిపోయాను. ఏడాదిగా నేను కడుపులో దాచుకున్నదంతా అక్కడుంది. ఈ ఇంట్లో ఎవరో నన్ను రోజూ గమనిస్తున్నారు, నా లోపలికి తొంగి చూసి రాస్తున్నారు అనుకున్నాను.

ఇంట్లో మేం నలుగురం. ముందు మా ఆయన్ని పట్టుకున్నాను. ఆయన సిటీ బస్సు డ్రైవరు.

"ఏవండీ, నా టాబ్లెట్ ముట్టుకున్నారా?"

"ముట్టుకున్నాను. మొన్న దాంతో దోమను కొట్టాను."

"దాంట్లో ఏమన్నా రాశారా?"

"నేనా? పెళ్ళైన కొత్తలో నీకు నేను రాసిన ఉత్తరం గుర్తుందా?"

గుర్తుంది. 'క్షేమం. ఆదివారం వస్తున్నాను. సీటు దొరికితే.' ఆయన్ని వదిలేశాను.

తరువాత కూతురు. డిగ్రీ రెండో ఏడు. ఏ మాటన్నా ఎదురు వాదన సిద్ధంగా ఉంటుంది కాబట్టి ఇంట్లో దాని పేరు లాయరు. వ్యాసాల్లో ప్రైజులు తెచ్చుకుంటుంది. నా అనుమానమంతా దాని మీదే.

"నా మీద అభియోగం ఏమిటి?" అంది కాలు మీద కాలేసుకుని.

"నా పేరు మీద డైరీ రాశావని."

"సాక్ష్యం చూపించు."

ఇచ్చాను. నవ్వుతూ చదవడం మొదలుపెట్టింది. రెండో పేజీలో నవ్వు ఆగింది. నాలుగో పేజీలో కాలు దించింది. మొత్తం అయ్యాక, "ఇది నేను రాయలేదమ్మా. నేను రాసుంటే నిన్ను ఇంత మంచిదానిగా రాస్తానా?" అంది. తరువాత, "నీకు నిజంగా ఇలా ఉంటుందా?" అని అడిగింది.

"ఉంటుంది" అన్నాను.

ఇంట్లో ఆ మాట నన్ను ఒకరు అడగడం అదే మొదలు. అది వచ్చి నా పక్కన కూర్చుంది.

అత్తయ్యను అడగాలన్న ఆలోచన కూడా రాలేదు. టాబ్లెట్ ఇంటికొచ్చిన రోజే దాన్ని పాలగిన్నె మీద మూతగా పెట్టిన మనిషి ఆవిడ. ఇరవై ఆరేళ్ళు మరమగ్గాల షెడ్డులో పనిచేసింది. పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా వంటింట్లో రేడియో మోగాల్సిందే, పాటలంటే అంత పిచ్చి. పైగా షెడ్డు విద్య ఒకటుంది ఆవిడకు. మగ్గాల హోరులో అరిచినా వినపడదు కాబట్టి అక్కడి ఆడవాళ్ళంతా పెదాలు చూసి మాట్లాడుకునేవారట. కిటికీలోంచి చూసి, రోడ్డవతల మేడ మీద మొగుడూ పెళ్ళాలు దేని గురించి తగాదా పడుతున్నారో చెప్పేస్తుంది. ఆవిడ ముందు గుసగుసలు పనిచెయ్యవని మా ఇంట్లో పెద్ద జోకు.

ఈ వైద్యం మీద ఆవిడ అభిప్రాయం కూడా వీధి వీధికీ తెలుసు. "చెవిలో మోతను మాటలతో పోగొడుతుందిటా, ఆ గురువారం డాక్టరు? మా షెడ్డులో రెండొందల మగ్గాలు మోగేవి. మేమెవరికైనా ఉత్తరాలు రాశామా?"

లాయరు సలహా చెప్పింది. "నేరస్తుడు మళ్ళీ వస్తాడమ్మా. నువ్వేం తెలియనట్టుండు. టాబ్లెట్ కవరుకు అడ్డంగా ఒక వెంట్రుక పెట్టు. ఎప్పుడు తెగిందో చూద్దాం."

వల అలాగే పన్నాను. కానీ ఈలోపు నాకు ఇంకో జబ్బు పట్టుకుంది. ఆ పేజీలు చదివాక ఊరుకోలేకపోయాను. నాలుగో పాఠం నేనే చేశాను.

పాఠం చిన్నదే. మోత వినపడగానే వెనకే ఒక ఆలోచన వస్తుంది, దాన్ని పట్టుకుని రాయమన్నారు. రాశాను: 'ఈ కూత ఉన్నంతకాలం నాకు పగులు వినపడదు.' గురువారం జవాబొచ్చింది. "ఇది మీరు చూసి చెప్తున్న సంగతా, భయపడి చెప్తున్న సంగతా? ఎలా తేల్చుకుంటారు?"

మర్నాడు మేస్త్రీ దగ్గరికి వెళ్ళి అడిగాను. "ఎండాకాలం తరువాత నా బల్ల మీంచి వెళ్ళినవి ఎన్ని తిరిగొచ్చాయి?"

అతను రిజిస్టరు కూడా తెరవలేదు. "ఒక్కటీ రాలేదు. ఏం, ఏదైనా వదిలేశావా?"

"లేదు."

"మరైతే ఒక్కొక్కదాన్నీ నాలుగుసార్లు ఎందుకు బాదుతున్నావు తల్లీ? అవేం చేశాయి నిన్ను?"

ఆ రోజు మూడుసార్లకు దిగాను. వారం తిరిగేసరికి రెండు.

ఐదో వారం ఉత్తరంలో మాత్రం గుట్టు పట్టేసినట్టు ఒక మాట ఉంది. "ఈ మధ్య మీ డైరీ ఇద్దరు మనుషులు రాసినట్టుంది. ఒకరు సుత్తి గురించి రాస్తున్నారు. ఇంకొకరికి సుత్తి ఊసే లేదు. ఇద్దరూ బాగానే రాస్తున్నారు. చివరి వారం దీని గురించి మాట్లాడుకోవాలి."

వల పన్నిన మర్నాటి నుంచే వెంట్రుక తెగడం మొదలైంది. రోజూ తెగుతోంది, నేను మొదటి షిఫ్టులో ఉండగానే. ఆ వేళకు మా ఆయన బస్సులో, లాయరు కాలేజీలో. మిగిలింది... "గాలికి పోయుంటుంది" అన్నాను. లాయరు నా వంక జాలిగా చూసింది.

ఆరో వారం మధ్యలో కొలిమి దగ్గర ఏదో పాడై పదకొండింటికే మమ్మల్ని పంపేశారు. ఆ రోజు వాన లేదు. రేకులు ఆరి, చూరు నీళ్ళు కూడా ఆగిపోయాయి. గేటు తీసి లోపలికి వచ్చాను. ఏదో తేడాగా ఉంది. ఏమిటో వెంటనే తెలియలేదు. గుమ్మంలోకి వచ్చాక తెలిసింది.

రేడియో మోగడం లేదు.

కోడలిగా వచ్చిన ఇరవై ఏళ్ళలో ఆ ఇంట్లో పట్టపగలు రేడియో ఆగిపోయిన రోజు నాకు గుర్తులేదు. వంటింట్లో పీట మీద అత్తయ్య నాకు వీపు పెట్టి కూర్చుని ఉంది. వెన్ను నిటారుగా, చేతులు ఒళ్ళో. ఒళ్ళో టాబ్లెట్. తెర మీద అంకెలు ఒక్కొక్కటే తగ్గుతున్నాయి. ఆరో పాఠం అది. అన్ని చప్పుళ్ళూ కట్టేసి, పదిహేను నిమిషాలు మోతతో ఊరికే కూర్చోవాలి. నేను భయపడి రెండు రోజులుగా వాయిదా వేస్తున్న పాఠం.

"అత్తయ్యా" అన్నాను.

కదల్లేదు.

"అత్తయ్యా!" అన్నాను ఇంకాస్త గట్టిగా.

ఆవిడ భుజం కూడా కదల్లేదు.

నాకు ఒక్కొక్కటే గుర్తురావడం మొదలైంది. ఈవిడ నాకు జవాబు చెప్పిన ప్రతిసారీ ఎదురుగా ఉంది. ఎవరింటికెళ్ళినా గోడ పక్కనే కూర్చుంటుంది. జోకులకు అందరికంటే ఒక్క క్షణం ఆలస్యంగా నవ్వుతుంది. పాటల పిచ్చి అనుకున్నాం కదా, ఒక్క పాటైనా ఈవిడ కూనిరాగం తీయగా విన్నానా? ఆ పదకొండు పేజీల్లో ఉన్నది నేను కాదు. నా గురించి ఎవరూ ఏమీ రాయలేదు.

చెప్పులు చేత్తో పట్టుకుని వెనక్కి తిరిగాను. వీధి చివర దాకా వెళ్ళి, పావుగంటకు ఇంకో ఐదు నిమిషాలు కలుపుకుని తిరిగొచ్చి, ఆవిడకు కనపడేలా కిటికీ ముందు నుంచి నడిచి వచ్చాను. అప్పటికి రేడియో మోగుతోంది. టాబ్లెట్ పాలగిన్నె మీద ఉంది.

"ఇంత తొందరగా వచ్చావేమే?" అంది నా పెదాల వంక చూస్తూ.

"కొలిమి పాడైంది అత్తయ్యా" అన్నాను. ఒక్కో అక్షరం తేటగా పలికాను.

నేనేమీ అడగలేదు. ఆవిడేమీ చెప్పలేదు. ఆ మర్నాటి నుంచి ఇల్లు ఒక ఒప్పందంలో పడింది. పొద్దున ఆవిడ రాసేది, మధ్యాహ్నం నేను రాసేదాన్ని. ఆవిడ పేజీ చదివాకే నా పేజీ మొదలుపెట్టేదాన్ని. ఏడో వారంలో ఒక రోజు ఇలా ఉంది: "ఈ రోజు మోతను తిట్టలేదు. బటానీలు ఒలుస్తూ కూర్చున్నాను. గిన్నె నిండేసరికి దాన్ని మరిచిపోయానని గుర్తొచ్చింది. గుర్తు రాగానే అదీ వచ్చింది. వస్తే వచ్చింది, గిన్నె నిండింది కదా."

ఎనిమిదో వారం మంగళవారం చక్రాల పరీక్ష. నలభై చక్రాలు వరసగా వేలాడదీశారు. ఎన్ని పగిలాయో మేస్త్రీకి తప్ప ఎవరికీ తెలియదు. కొలిమి ఆపారు. వానలు కూడా వెనకబట్టాయి. షెడ్డంతా నిశ్శబ్దం, నా చెవిలో మాత్రం కూత దాని పని అది చేసుకుంటోంది. రానిమ్మన్నాను. ఒక్కో చక్రానికి ఒక్కటే దెబ్బ. ఆరో చక్రం దగ్గర సుద్దముక్కతో గీత పెట్టాను. పద్నాలుగు, ఇరవై ఒకటి దగ్గర కూడా. ముప్పై మూడు దగ్గర చెయ్యి ఆగింది. బాగానే మోగింది, కానీ చివర ఎక్కడో తోక తెగినట్టుంది. లేక నా కూతే అడ్డొచ్చిందా? సుత్తి మళ్ళీ లేచింది. బటానీల గిన్నె గుర్తొచ్చింది. సుత్తి దించి, సుద్దతో గీత పెట్టి ముందుకు సాగాను.

మేస్త్రీ నాలుగింటికీ నూనె పూసి, తుడిచి, సుద్దపొడి చల్లాడు. పగుల్లో దాగిన నూనె సుద్దను తడుపుతుంది. మూడింటి మీద గీతలు వెంటనే తేలాయి. ముప్పై మూడోది కాసేపు తెల్లగానే ఉంది. తరువాత అంచు దగ్గర, చీమ నడిచినట్టు, సన్నటి తడి గీత.

"నాలుగూ సరే" అన్నాడు మేస్త్రీ. గడియారం చూడలేదు.

ఇక మిగిలింది గురువారం. సాయంత్రం నాలుగింటికి డాక్టరు తెర మీద కనిపించింది. జుట్టు ముడి పెట్టుకున్న చిన్న అమ్మాయి, మా లాయరు కంటే ఐదారేళ్ళు పెద్దదేమో. టాబ్లెట్ కిటికీ పక్క బల్ల మీద ఆనించాను. కిటికీ అవతల, పెరటి చివర, అత్తయ్య తీగ మీద బట్టలు ఆరేస్తోంది.

"పరీక్ష నెగ్గారట, చాలా సంతోషం" అందా అమ్మాయి. "కానీ పాఠాలన్నీ మీరే చేశారని నేను సంతకం పెట్టాలి. అందుకే అడుగుతున్నాను, తప్పుగా అనుకోకండి. మొదటి పదకొండు పేజీలు మీరు రాసినవేనా?"

అత్తయ్య దాచుకున్నది బయటపెట్టడానికి నాకేం హక్కు అనుకున్నానని చెప్పుకోవచ్చు. అది సగమే నిజం. మిగతా సగం ఆ ఇత్తడి సుత్తి.

"అన్నీ నేనే రాశాను" అన్నాను.

పెరట్లో అత్తయ్య చెయ్యి తీగ మీదే ఆగిపోయింది. ఆవిడ చూపు నా పెదాల మీద ఉంది. చేతిలో దుప్పటి బుట్టలో పడేసి, చేతులు నడుముకు తుడుచుకుంటూ, పెరడు దాటి, వంటిల్లు దాటి, వచ్చి నా పక్కన నిలబడింది. టాబ్లెట్ను తన వైపు తిప్పుకుంది.

నేను చెయ్యని పాఠాలు నా చేత చేయించాకే డాక్టరు సంతకం పెట్టిందని, సుత్తి ఇప్పటికీ నా చేతిలోనే ఉందని, మరుసటి వారమే అత్తయ్య పేరు మీద వేరే డైరీ తెరిచారని ఇక్కడే చెప్పేస్తున్నాను. ఎందుకంటే దీని తరువాత నేను మాట్లాడటానికి ఏమీ లేదు. అత్తయ్య చెప్పింది ఇదీ:

"అమ్మాయ్, మా కోడలు అబద్ధం చెప్తోంది. ఆ పేజీలు నావి. తప్పు నాది. దాన్ని ఏమీ అనకు. ఇది టాబ్లెట్ను అలమరలో పడేసింది. టాబ్లెట్ రోజూ వెలుగుతోంది, పాఠం చెయ్యకపోతే పేరు తీసేస్తామని. దీని సుత్తి పోతుందని నాకు దిగులేసింది. తెరిచే నంబరు వెనకే అంటించి ఇచ్చారు మీవాళ్ళు. ఏదో ఒకటి నొక్కి మూసేద్దామనే తెరిచాను, ఒట్టు. నొక్కాను. ప్రశ్న వచ్చింది. 'ఆ మోతను మొదటిసారి ఎప్పుడు విన్నారు?' అని.

"ఎవరడిగారమ్మా నన్నది? ముప్పై ఏళ్ళయింది. షెడ్డులో మగ్గాలు ఆపేసి అందరం భోజనానికి కూర్చుంటే, ఒక మగ్గం ఆపలేదేమిటా అని లేచి వెళ్ళి చూశాను. అన్నీ ఆగే ఉన్నాయి. నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు. దీని మామగారికీ చెప్పలేదు. నీకు రాసేశాను. రాశాక రెండోది అడిగావు. అదీ రాశాను. ఇక ఆగలేకపోయాను. పైకి నిన్ను గురువారం డాక్టరని ఎక్కిరించేదాన్ని, ఏమీ అనుకోకు. ఎక్కిరించకపోతే ఇంట్లో వీళ్ళకు అనుమానం వస్తుంది కదా.

"మోత పోలేదు. నువ్వు పోతుందని చెప్పనూ లేదు. ఉంది, ఇప్పుడూ మోగుతోంది. కానీ ఒకటి చెప్పాలి. ఆ రోజు రేడియో కట్టేసి కూర్చున్నాను చూడు, పదిహేను నిమిషాలు. ముందు ప్రాణం పోయినంత పనైంది. తరువాత, ఆ మోత పక్కనుంచి ఇంకో చప్పుడు వచ్చింది."

అప్పుడు ఆవిడ తెర వదిలి నా వైపు తిరిగింది.

"ఏమే, ఆ రోజు వెనక నుంచి రెండుసార్లు పిలిచావు. రెండూ వినపడ్డాయి. మధ్యలో లేస్తే పాఠం మళ్ళీ మొదటి నుంచీ చెయ్యాలని రాశారు, అందుకే పలకలేదు."